పచ్చదారం కట్టిన సంచి

నాకు షుగర్ వచ్చి ఆరేళ్లయింది. మొదటిసారి డాక్టరు గారు "తీపి ఎక్కువ తింటారా?" అని అడిగితే నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు తీపి తినడమే నా ఉద్యోగం అంటే ఆయన నమ్మలేదు. పక్కనున్న మా ఆవిడ "నిజమేనండీ, జీతమిచ్చి మరీ తినిపించారు" అంది.

ఖమ్మంలో ఒక బేకరీ సామాన్ల హోల్‌సేల్ కొట్టులో నేను సేల్స్‌మన్‌ని. మైదా, వనస్పతి, ఈస్ట్, ఎసెన్సులు, క్రీమ్, కేకు పొడి, కాఫీ పొడి, ఇలా బేకరీకీ టీ హోటల్‌కీ కావలసినవన్నీ మా దగ్గర దొరికేవి. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా నా లైను. మధ్యలో ములకలపల్లి లాంటి అడవి అంచు ఊళ్లు కూడా నావే. మాది మధిర. నా మాటలో కోస్తా యాస ఉందని లైనంతా నన్ను "మధిర సారు" అనేవాళ్లు, సగం మర్యాదకి, సగం ఎగతాళికి.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి, ఏమైనా చెప్పండి సార్ అన్నారు. టార్గెట్ల సంగతి, రిపోర్టుల సంగతి మీ ఆఫీసువాళ్లే విసుగొచ్చేదాకా చెబుతారు. నేను తిన్న సంగతులు కొన్ని, నేను చేసిన ఒక తప్పు సంగతి చెబుతాను. ఆ తప్పు రెండు వేల సంవత్సరం దాటాక, నేను ఉద్యోగంలో బాగా ముదిరిపోయాక జరిగింది. కొత్తలో జరిగి ఉంటే తెలియక చేశానని సరిపెట్టుకునేవాణ్ణి.

తినడం నేర్చుకున్న తీరు

మా షావుకారు గారు బయట తిండి ముట్టని మనిషి. ఎక్కడికి వెళ్లినా ఇంటి నుంచి పెరుగన్నం డబ్బా వెంట ఉండాలి. అలాంటాయన నన్ను ఏడాదికి మూడుసార్లు హైదరాబాదు పంపేవారు. అమ్మడానికి కాదు, కొనడానికీ కాదు.

"రెండు దినాలు తిరుగు, తిను, చూడు. అక్కడ జనం ఏం తింటున్నరో నాకొచ్చి చెప్పు. అక్కడ తిన్నది మూడేండ్లకు ఇక్కడికొస్తది" అనేవారు.

మొదటిసారి వెళ్లినప్పుడు అబిడ్స్‌లో అద్దాల షోకేసులున్న పెద్ద దుకాణంలోకి వెళ్లి నాలుగు పేస్ట్రీలు వరసగా తిన్నాను. పైన చెర్రీపండు ఉన్నదల్లా బాగుంటుందనుకునే రోజులవి. సాయంత్రానికి కడుపు తిప్పి లాడ్జిలో పడుకున్నాను. తిరిగొచ్చి అన్నీ బాగున్నాయని చెప్పాను.

షావుకారు గారు కళ్లద్దాల మీదుగా చూశారు. "అన్ని మంచిగుంటే నువ్వు పొయ్యిందెందుకయ్యా?" అన్నారు.

అప్పటినుంచి పద్ధతిగా తినడం మొదలుపెట్టాను. ఆ పద్ధతి మీకూ పనికొస్తుంది. దుకాణం తెరిచిన గంటలో వెళ్లకండి, అప్పుడు అన్నీ తాజాగానే ఉంటాయి. సాయంత్రం నాలుగింటికి వెళ్లండి, పొద్దున చేసిన పఫ్ అప్పుడు కూడా చేతిలో విరిగి పొరలు రాలితే ఆ మాస్టర్ పనిమంతుడు. పేస్ట్రీ కొంటే ముందు దాని కిందున్న కాగితం చూడండి. కాగితం తడిసి అంటుకుపోతే అది నిన్నటిది. క్రీమ్ నాలుక మీద కరిగిపోవాలి, అంగిట్లో అతుక్కుంటే వనస్పతి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎదురుగా ఉన్న మనిషి ప్లేటులో ఏం వదిలేశాడో చూడండి. బాగుందని నోటితో అందరూ అంటారు, ప్లేటు మాత్రం మొహమాటపడదు.

మంచి చోటు బోర్డు చూస్తే తెలియదు. సికింద్రాబాద్ స్టేషను దగ్గర ఆటోవాళ్లను అడిగి, వాళ్లు ముంచుకు తినే బిస్కెట్ ఎక్కడిదో కనుక్కుని వెళ్లాను. గోడలు నల్లబడిన ఇరానీ హోటలు. ఉప్పూ తీపీ కలిసిన ఆ బిస్కెట్ చాయ్‌లో ముంచి తీస్తే విరిగిపడకుండా నోటిదాకా వచ్చింది. ఇరవై అడుగుల దూరంలో ఏసీ దుకాణంలో దానికి నాలుగింతల ధర పెట్టి కొన్న బిస్కెట్ కప్పులోనే మునిగిపోయింది.

కాఫీ నాకు నేర్పింది కోఠి వెనక సందులో గింజలు వేయించే కొట్టు పెద్దాయన. వెళ్లగానే చక్కెర అడిగితే ఇచ్చేవాడు కాదు. "ముందు ఉత్తది ఒక గుక్క తాగు, తర్వాత నీ ఇష్టం" అనేవాడు. చికోరీ వేరు పొడి కలిపిన కాఫీ మంచిదేనా అని ఒకసారి అడిగాను. "కలిపితే తప్పేముంది నాయనా, చాలామందికి అదే ఇష్టం. కలిపి, కలపలేదనడమే తప్పు" అన్నాడు. అప్పుడు తలూపి వచ్చేశాను. ఆ మాట నా మెడకే చుట్టుకుంటుందని అనుకోలేదు.

అలా ఏడాదికి మూడుసార్లు తిని తిని నా నాలుక మీద నాకు గురి కుదిరింది. ఒక ముక్క నోట్లో వేసుకుంటే మైదా కొత్తదో పాతదో, ఎసెన్స్ ఎంత పడిందో చెప్పేవాణ్ణి. లైనులో మాస్టర్లు "సార్ నోరు మిషిను" అనేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది, ఒప్పుకుంటాను.

ములకలపల్లిలో కరిగిన పేస్ట్రీ

నా రిపోర్టు విని ఒక ఎండాకాలం షావుకారు గారికి ఉత్సాహం వచ్చింది. క్రీమ్ పేస్ట్రీ మన లైనులో ఎవరూ చూడలేదు, మనమే చూపిద్దాం అన్నారు. ఖమ్మంలో చేయించి, థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి, బస్సులో ములకలపల్లి సంతకు తీసుకెళ్లాను. బస్సు దిగేసరికి సగం పేస్ట్రీలు పక్కకు ఒరిగాయి. నాకు తెలిసిన టీ హోటల్లో బల్ల మీద పెట్టాను. ఊళ్లో కరెంటు పొద్దుటినుంచే లేదు.

అడవి ఊరి నుంచి సంతకొచ్చిన ఒకామె గంప దించి చాలాసేపు వాటినే చూసింది. గంపలో చింతపండు తెచ్చి అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని పోతోంది.

"గిది ఇంటికి పొయ్యేదాక ఉంటదా సారూ?" అంది.

"ఉండదమ్మా, ఇక్కడే తినాలి. తిని చూడు, డబ్బులొద్దు" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నేనొక్కదాన్నే తినాల్నా?" అని గంప ఎత్తుకుని పక్క కొట్టుకు పోయింది. అక్కడ బెల్లం బూంది అచ్చులు కొని కొంగున కట్టుకుంది.

ఆ రోజు ఇరవై నాలుగు పేస్ట్రీల్లో పంతొమ్మిది నేనూ, హోటలు వాళ్లూ, సంత కుక్కలూ పంచుకున్నాం. ఆమెకు తీపి అంటే ఇంటికి తీసుకెళ్లేది. ఎనిమిది మైళ్లు నడిచాక కూడా గట్టిగా ఉండి, నలుగురు పిల్లలకు విరిచి పెట్టగలిగేది. రెండు రోజులు హైదరాబాదులో తిన్న నాకు ఆ సంగతి తట్టలేదు, తినిపించిన షావుకారు గారికీ తట్టలేదు. తర్వాత ఆ వైపు రస్కులు, గట్టి బిస్కెట్లు పంపాం. అవి ఇప్పటికీ పోతున్నాయట. ఎవరు తింటారో తెలుసుకోకుండా ఏది తినాలో చెప్పడం మన వృత్తిలో చాలామందికి ఉన్న జబ్బు. నాకూ ఉండేది.

ఖాజా భాయ్ బేకరీ

భద్రాచలం బస్టాండు నుంచి గోదావరి వైపు నడిస్తే ఖాజా భాయ్ బేకరీ ఉండేది. వాళ్ల నాన్న పెట్టినది. లోపలి గోడ మీద నడుమెత్తున వరద నీళ్ల చార ఎన్నిసార్లు సున్నం వేసినా పోయేది కాదు. అందుకే బ్రెడ్డు కాల్చే బట్టీని అరుగు కట్టి ఎత్తులో పెట్టించాడు. బ్రెడ్డు, కొబ్బరి కూరిన దిల్‌పసంద్, ఎగ్ పఫ్, బర్త్‌డే కేకులు చేసేవాడు. చెయ్యి మంచిది. కాఫీ మాత్రం ఘోరం. చికోరీ ఎక్కువ, పాలు మాడిన వాసన, పైగా అడక్కుండా మూడు చెంచాల చక్కెర. వెళ్లిన ప్రతిసారీ గ్లాసు ఇచ్చేవాడు, ప్రతిసారీ నేను వంక పెట్టేవాణ్ణి, ఇద్దరికీ అది అలవాటైపోయింది.

ఆ బేకరీకి ఒక ఆచారం ఉండేది. కార్తీకంలో అయ్యప్ప మాలలు వేసుకునే రోజులు మొదలైతే, మాలలు తీసేదాకా ఆ బట్టీలో గుడ్డు పగలదు. ఎగ్ పఫ్ అడిగినవాళ్లకు "మాల దినాలు అయిపోయినంక రాండ్రి" అనేవాడు.

దానికి కారణం గురుస్వామి. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, ఏటా ముప్పై నలభై మందికి మాల వేయించి ముందుండి నడిపించే పెద్దమనిషి. ఎప్పుడో ఒక ఏడు, దీక్షలో ఉన్న ఒక స్వామి కూతురు పుట్టినరోజుకు కేకు కావాలని ఏడ్చిందట. అప్పుడు గురుస్వామి ఇక్కడికొచ్చి, గుడ్డు లేకుండా చేస్తావా అని అడిగాడు. ఒక్క కేకు గుడ్డు లేకుండా చేసినా గిన్నెలూ ట్రేలూ గుడ్డువే కదా అని ఖాజా భాయ్‌కే అనిపించి, ఏకంగా ఆ రోజులన్నీ గుడ్డు బంద్ పెట్టాడు. మాలలో ఉన్నవాళ్లు అందరినీ స్వామీ అనే పిలుస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఈయన ఖాజా స్వామి అయ్యేవాడు.

ప్రతి ఏడూ మాల వేసుకున్న మొదటి రోజు గురుస్వామి నల్లబట్టలతో బేకరీ ముందుకొచ్చి నిలబడేవాడు.

"ఖాజా స్వామీ, గుడ్డు లేదు గదా?"

"లేదు స్వామీ."

ఆ రెండు మాటలే. ఇక ఆ ఏడు ఎవరూ ఏమీ అడగరు. రస్కులు, బన్నులు, పిల్లల కేకులు అన్నీ అక్కడినుంచే.

మొదట్లో ఖాజా భాయ్ గుడ్డు బదులు పెరుగు, చిక్కగా మరిగించిన పాలు వాడేవాడు. అది పెద్ద చాకిరీ. గుడ్డులేని కేకు పొడి మార్కెట్లోకి వచ్చాక, ఈ తిప్పలెందుకు భాయ్, నీళ్లు, నూనె కలిపితే చాలు అని ఒప్పించింది నేనే. రెండేళ్లు బతిమాలి ఒప్పించాను.

దారం

ఆ పొడి పెద్ద సంచుల్లో వచ్చేది. చిన్న బేకరీలు అంత కొనలేవు కాబట్టి మా గోడౌన్లో విప్పి, ఐదేసి కిలోల తెల్ల సంచుల్లో పోసి కట్టేవాళ్లం. గుడ్డు పొడి కలిసిన రకానికి ఎర్రదారం, గుడ్డులేని దానికి పచ్చదారం. ఆ ఏర్పాటు నాదే, షావుకారు గారు మెచ్చుకున్నారు కూడా.

సంచులు కట్టే పని యాదమ్మది. ఆమెకు చదువు రాదు. కానీ పెద్ద సంచి విప్పే ముందు దాన్ని నాలుగు పక్కలా తిప్పి, కంపెనీవాళ్లు అచ్చువేసిన బొట్టు, గుడ్డు లేకపోతే పచ్చది, ఉంటే ఎర్రది, కనబడేదాకా వెతికేది. "పచ్చబొట్టు" అని పైకి ఒకసారి అని, అప్పుడు పచ్చదారం తీసేది. ఆ కేకకు మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఒక మాలల సీజన్లో, కూతురు పురుడుకని యాదమ్మ పది రోజులు సెలవు పెట్టింది. భద్రాచలం సరుకు నేనే కట్టాను. పట్టపగలే కరెంటు పోయి గోడౌను మసకగా ఉంది, బస్సుకు టైమవుతోంది. రెండు పెద్ద సంచులు పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. ఎడమవైపుది గుడ్డులేనిది అని నేనే పెట్టించిన గుర్తు. విప్పాను, పోశాను, పచ్చదారం కట్టాను. డిగ్రీ చదివినవాణ్ణి, సంచిని ఒక్కసారి తిప్పి చూడలేదు.

మరుసటి వారం లైనుకు వెళ్తే ఖాజా భాయ్ ముఖం వెలిగిపోతోంది. "అన్నా, ఈపాలి కేకు మస్తు మెత్తగొచ్చింది. స్వాములందరు మెచ్చుకుంటున్రు. తిని చూడు" అని ఒక ముక్క పెట్టాడు. తిన్నాను. నిజంగానే దూదిలా ఉంది. రెండో ముక్క అడిగి తిన్నాను. "మేం తెచ్చే పొడి అంటే అలాగే ఉంటుంది భాయ్" అన్నాను. ఎసెన్స్ ఎన్ని చుక్కలు పడిందో చెప్పే నాలుక, అందులో ఉన్న గుడ్డును చెప్పలేదు. బాగుంది అనుకుంటూ మింగింది.

ఖమ్మం తిరిగొచ్చిన మర్నాడు పొద్దున యాదమ్మ పనిలోకి వచ్చింది. గోడౌన్లోంచి గట్టిగా అడిగింది.

"సారూ, పచ్చబొట్టు సంచి కుట్టే ఇప్పలేదేంది? మరి భద్రాచలం ఏం పంపిండ్రు?"

వెళ్లి చూశాను. గుడ్డులేని సంచి కుట్టు కుట్టుగానే ఉంది. విప్పిన సంచిని తిప్పితే, మడత కింద ఎర్రబొట్టు కనిపించింది.

షావుకారు గారికి చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికేసి గొంతు తగ్గించారు.

"నువ్వు, నేను, యాదమ్మ. ముగ్గురికే తెల్సు. తిన్నోళ్లు తిన్నరు, అరిగి గూడ పొయ్యింది. లేపితే ఏమొస్తది?"

"ఇంకా పొడి మిగిలే ఉంటుందండీ అక్కడ. రోజూ తింటున్నారు."

"పురుగు వట్టిందని చెప్పి వాపసు తే. మంచి పొడి ఇచ్చి రా." మళ్లీ అన్నారు. "ఖాజా ఎవరో యాదిపెట్టుకో. నీకు నాకు ఏం గాదు. అయితే ఆయనకైతది. ఆయన మంచి కోరే చెప్తున్న."

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ భయం నాకూ ఉంది. దీక్షలో ఉన్నవాళ్లకు గుడ్డు తినిపించాడని ఊళ్లో పుకారు లేస్తే, నలభై ఏళ్ల బేకరీ ఒక్కపూటలో మూతపడొచ్చు. అంతకంటే ఘోరమూ జరగొచ్చు. కానీ నిజం చెప్పాలంటే, ఖాజా భాయ్ గురించిన భయం వెనక నా పరువు గురించిన భయం దాక్కుని ఉంది. ఆ పగలంతా ఇంట్లో కూర్చుని ఆలోచించాను. ఆలోచించాను అని ఇప్పుడంటున్నాను గానీ, నిజానికి వాయిదా వేశాను. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు, పురుగు కథ నోట్లో సిద్ధం చేసుకుని, మంచి పొడి సంచులతో బయలుదేరాను.

భిక్ష పందిరి దగ్గర

ఖాజా భాయ్ నా కథ విన్నాడు. మిగిలిన సంచి తెచ్చి, జల్లెడలో గుప్పెడు పోసి జల్లించాడు. వెలుతురులోకి పట్టి చూశాడు. మళ్లీ జల్లించాడు.

"పురుగేదన్నా?"

నేను తెచ్చిన సంచులు ముందుకు జరిపాను.

"దినం తప్పి దినం వొచ్చినవ్. చేతుల కొత్త సంచులున్నయి. పురుగు లేదు. ఏంది సంగతి?"

చెప్పేశాను. దారం, కరెంటు, ఎర్రబొట్టు, షావుకారు గారి మాట, అన్నీ. ఖాజా భాయ్ జల్లెడ పక్కన పెట్టాడు. బట్టీలో ఉన్న ట్రేలు బయటికి లాగి, వాటి మీద బకెట్టు నీళ్లు గుమ్మరించాడు. కాలుతున్న కేకులు సుయ్‌మన్నాయి. ఒక మాట అంటే బాగుండుననిపించింది. ఆయన చేతులు కడుక్కుని, టోపీ సర్దుకుని, చెప్పులేసుకున్నాడు.

"పద. గీ టైముకు భిక్షకు అందరు ఒక్కతాననే ఉంటరు."

"భాయ్, ఒక్కసారి ఆలోచించు. గురుస్వామికి ఒక్కడికే చెబుదాం. అందరికీ ఎందుకు?"

"తిన్నది అందరు గదన్నా? వాళ్లు పొట్లం మీద సదివి కొంటలేరు. నన్ను అడిగి కొంటున్రు. నేను లేదన్న. ఉన్నది. గది నేనే చెప్పాలె."

మధ్యాహ్నం భిక్ష అప్పుడే పూర్తయింది. పందిరి కింద ముప్పైమంది దాకా నల్లబట్టలతో కూర్చుని ఉన్నారు. ఖాజా భాయ్ చెప్పులు దూరంగా విడిచి, పందిరి గుంజ దగ్గర ఆగాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను.

"గురుస్వామీ, ఒక మాట. పోయిన వారం సంది నా దగ్గర కొన్న కేకులల్ల గుడ్డున్నది. నాకు ఇప్పుడే తెల్సింది. మీకు లేదని చెప్పి ఉన్నది పెట్టిన. తప్పయింది."

నా పేరు ఎత్తలేదు. కొట్టు పేరు ఎత్తలేదు. నేను ముందుకు రావలసింది అప్పుడే. రాలేదు. ఎంతసేపు రాలేదో ఇప్పుడు సరిగా చెప్పలేను. ఒక కుర్ర స్వామి లేచి, "దీక్షల ఉన్నోళ్లకు గుడ్డు తినిపిస్తవా? ఎన్ని దినాల సంది చేస్తున్నవ్ గీ పని?" అని ఖాజా భాయ్ మీదికి రావడం చూశాక గానీ నా కాళ్లు కదల్లేదు.

"ఆయన చెయ్యలేదు స్వామీ. పొడి నేనిచ్చాను. సంచి నేనే తప్పు కట్టాను. ఆయనకు తెలియదు" అన్నాను.

గురుస్వామి చెయ్యి చూపి కుర్ర స్వామిని కూర్చోబెట్టాడు. ఖాజా భాయ్‌ని అడిగాడు.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"ఇప్పుడే స్వామీ. బట్టీ ఆర్పి వొచ్చిన."

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు?"

"నిన్న పొద్దున."

గురుస్వామి నన్ను అలాగే చూశాడు. ఈ ఉద్యోగంలో షావుకార్లు తిట్టారు, గిరాకీలు తిట్టారు, అవన్నీ మర్చిపోయాను. ఆ చూపు ముందు మాత్రం సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఒక పగలూ ఒక రాత్రీ నేను ఊరుకున్నాను. ఆ రోజు కూడా వాళ్లు తిన్నారు.

తెలియక తిన్నదానికి దీక్ష పోదని, అందరూ గోదావరిలో స్నానం చేసి శరణుఘోష చెప్పుకుందామని గురుస్వామి అన్నాడు. లేచి ఏటి వైపు నడిచారు. ఆ కుర్ర స్వామి మమ్మల్ని చూడకుండా పక్కనుంచి వెళ్లాడు. ఊళ్లో గొడవ కాలేదు. గురుస్వామి కానివ్వలేదని తర్వాత తెలిసింది.

కానీ ఆ సీజన్లో మళ్లీ ఒక్క స్వామి కూడా బేకరీ మెట్లెక్కలేదు. మరో రెండు వారాలకు వెళ్లి చూస్తే షోకేసు నిండా రస్కులు అలాగే ఉన్నాయి. ఎగ్ పఫ్ మాత్రం లేదు.

"వాళ్లు రావట్లేదు కదా భాయ్, ఇంక గుడ్డు మొదలుపెట్టుకో" అన్నాను.

"మాల దినాలు అయిపోలేదు గదన్నా" అన్నాడు. కాఫీ ఇచ్చాడు. ఆ రోజు దానికి వంక పెట్టడానికి నాకు నోరు రాలేదు.

మీకు చెప్పవలసిన పని సంగతి ఇక్కడ చెప్పేస్తాను. ఆ వారమే దారాలు తీయించేశాను. విప్పి కట్టాల్సి వస్తే, పెద్ద సంచి మీది బొట్టు చూసి, అదే రంగు బొట్టున్న చీటీ ప్రతి చిన్న సంచిలోనూ వేయాలి, వేసినవాళ్లు కాక ఇంకొకరు చూడాలి. యాదమ్మ కేకకు ఎవరూ నవ్వకూడదని కూడా చెప్పాను. మన నాలుక రుచి చెబుతుంది. లోపల ఏముందో చెప్పదు. రుచి బాగున్నప్పుడైతే అసలు అడగనే అడగదు. తప్పు జరిగితే ఎంత తొందరగా చెప్పావన్నది తర్వాత లెక్కకొస్తుంది. నా లెక్కలో ఒక రోజు ఆలస్యం అలాగే ఉండిపోయింది.

మరుసటి ఏడు

మళ్లీ కార్తీకం వచ్చింది. మాలలు వేసుకునే మొదటి రోజున, అది నా లైను రోజు కాకపోయినా భద్రాచలం వెళ్లాను. ఎందుకొచ్చావని ఖాజా భాయ్ అడగలేదు. అప్పటికి ఆయన మళ్లీ పెరుగుకూ మరిగించిన పాలకూ తిరిగిపోయాడు. కేకు పొడి నా దగ్గర కొనడం మానేశాడు. మైదా, వనస్పతి, ఎసెన్స్ లాంటివి మాత్రం నావే. బట్టీ కడిగి, ట్రేలు తోమించి, గుడ్ల అట్టలు బయటికి పంపి, షోకేసు వెనక కూర్చున్నాడు. మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాడు. పది దాటింది. పదకొండు దాటింది. ఇక గురుస్వామి రాడని ఇద్దరికీ అనిపించింది.

పదకొండున్నరకు గురుస్వామి వచ్చాడు. కొత్త నల్లబట్టలు, మెడలో మాల. మెట్ల కింద ఆగాడు.

"ఖాజా స్వామీ, గుడ్డు లేదు గదా?"

ఖాజా భాయ్ లేచి నిలబడ్డాడు. నా వైపు చూశాడు.

"నా చేతిల లేదు స్వామీ. సామాన్ల లేదని ఆయన చెప్పాలె."

గురుస్వామి నా వైపు తిరిగాడు. పోయినేడు చూసిన చూపే.

లేదు స్వామీ అని అప్పటికప్పుడు అనొచ్చు. పెరుగూ పాలూ ఖాజా భాయ్ సొంతం, మైదాలో గుడ్డెక్కడుంటుంది? అయినా అనలేదు. లోపలికి వెళ్లాను. మైదా బస్తా నాలుగు పక్కలా తిప్పి బొట్టు వెతికాను. వనస్పతి డబ్బా తీశాను. ఎసెన్సు సీసాలు, బేకింగ్ పౌడరు, క్రీమ్ పెట్టె, రంగుల డబ్బాలు ఒక్కొక్కటే వెలుతురులోకి తెచ్చి, చిన్న అక్షరాలతో సహా చదివాను. యాదమ్మ లాగే "పచ్చబొట్టు" అని పైకి అంటూ పక్కన పెట్టాను. పావుగంట పట్టింది. గురుస్వామి ఎండలో అలాగే నిలబడ్డాడు, తొందరపెట్టలేదు.

ఆఖరి డబ్బా పెట్టి బయటికొచ్చాను.

"లేదు స్వామీ" అన్నాను.

ఆయన తలూపాడు. "ఎల్లుండి మా మనవరాలి పుట్టినరోజు ఖాజా స్వామీ. కిలో కేకు. పేరు రాయాలె" అని, పేరు చెప్పి, డిపో వైపు వెళ్లిపోయాడు.

ఖాజా భాయ్ ఆ పేరు అట్టముక్క మీద రాసి గోడకు గుచ్చాడు. తర్వాత లోపలికెళ్లి రెండు గ్లాసులు తెచ్చాడు. కాఫీ ఎప్పటిలాగే ఉంది. చికోరీ ఎక్కువ, పాలు మాడిన వాసన, మూడు చెంచాల చక్కెర. బాగాలేదని చెప్పాను. ఆయన ఏడాది తర్వాత మొదటిసారి నవ్వాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాను.